నిమ్మరసానికి చేప ఉడుకుతుందా?

మా కుటుంబం బరంపురంలో స్థిరపడి నాలుగు తరాలు దాటింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడుతూ బతుకు వెళ్ళదీసినవాణ్ణి. ముప్ఫై రెండేళ్ళు జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చేపల గురించీ, చేపల్లో ఉండే పురుగుల గురించీ బోర్డు మీద ఎన్ని వందలసార్లు బొమ్మలు వేశానో లెక్కలేదు. ఆ పాఠం ఒకనాడు మా ఇంటి భోజనాల దగ్గరకే నడిచి వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

కిందటేడు దసరాకు మా మనవడు వచ్చాడు. మా పెద్దమ్మాయి కొడుకు. బెంగుళూరులో పుట్టి పెరిగాడు. ఇంజనీరింగు పూర్తిచేశాక, కంపెనీవాళ్ళు పంపితే థాయ్‌లాండులో ఖోన్‌కేన్ అనే నగరంలో రెండేళ్ళు పనిచేసి వచ్చాడు. చిన్నప్పటి నుంచీ వాడికి అమ్మమ్మ చేతి చేపల పులుసంటే ప్రాణం. ఈసారి మాత్రం వచ్చిన మర్నాడే, "అమ్మమ్మా, ఈ పూట వంట నాది. నువ్వు పీట వేసుకుని కూర్చో" అన్నాడు.

పొద్దున్నే బజారుకు వెళ్ళి చేదు పరిగెలు తెచ్చాడు. పొలుసు తీసి, కడిగి, ముల్లుతో సహా సన్నగా కొట్టి ముద్ద చేశాడు. అందులో అరడజను నిమ్మకాయలు పిండాడు. పచ్చిమిరపకాయలు, ఉల్లికాడలు, పుదీనా, వేయించి దంచిన బియ్యప్పొడి కలిపాడు. పది నిమిషాలు గడిచేసరికి చేప కండ తెల్లగా తిరిగింది. "చూశావా తాతయ్యా, పొయ్యితో పనిలేదు. నిమ్మరసానికే ఉడికిపోయింది. దీన్ని అక్కడ కోయ్ ప్లా అంటారు" అన్నాడు గర్వంగా.

మా ఆవిడ వాసన చూసి, "ఘాటుగా బాగానే ఉందిరా" అంటూ వేలితో కాస్త తీసి నోట్లో పెట్టుకోబోయింది. నేను లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ నోటిదాకా వెళ్ళిన చేతిని నేను ఆపడం అదే మొదలు. వాడి మొహం చిన్నబోయింది.

"ఇది ఎన్నిసార్లు తిన్నావురా?" అని అడిగాను.

"శనివారం శనివారం తినేవాళ్ళం తాతయ్యా. ఫ్యాక్టరీలో నాతో పనిచేసేవాళ్ళు ఇంటికి పిలిచేవారు. చాప మీద కూర్చుని అందరం ఒకే పళ్ళెంలోంచి తినేవాళ్ళం. వద్దంటే బాధపడతారు కదా?"

రెండేళ్ళంటే వంద శనివారాలు. ఆ పూట వాడితో చెప్పిన సంగతులే, మన పత్రిక చదివే కుటుంబాలకు కూడా పనికొస్తాయని ఇలా రాస్తున్నాను.

పిల్లి పేరు పెట్టుకున్న పురుగు

ఖోన్‌కేన్ ఉన్న ప్రాంతాన్ని ఈసాన్ అంటారు. అది థాయ్‌లాండుకు ఈశాన్య మూల. వరి పొలాలు, చెరువులు, గుంటలు, వాటినిండా చిన్న చేపలు. మన గంజాం జిల్లా పల్లెటూళ్ళకు, ఆ ఊళ్ళకు పెద్ద తేడా ఉండదని మనవడు అంటాడు. ఆ చేపల్లోనే ఒక ఆకుపురుగు ఉంది. శాస్త్రంలో దాని పేరు ఒపిస్థోర్కిస్ వివెరిని. పెరిగిన పురుగు పొడవు సుమారు 7 మిల్లీమీటర్లు. చిన్న ఆకులాగా పల్చగా ఉంటుంది. అది కాపురం చేసే చోటు మనిషి కాలేయంలోని పైత్యరస నాళాలు.

పేరులోని వివెరిని అనే మాట వెనుక ఒక కథ ఉంది. 1886లో పారిస్ జంతు ప్రదర్శనశాలలోని ఒక పిల్లి కాలేయంలో పోరియే అనే శాస్త్రజ్ఞుడు ఈ పురుగును మొదటిసారి గుర్తించాడు. అది నీళ్ళలో దిగి చేపలు పట్టుకుని తినే బావురుపిల్లి. ఆ పిల్లి శాస్త్రీయ నామమే పురుగుకూ అంటుకుంది. యానాం పాఠకులకు ఈ పిల్లి పరాయిది కాదు. పక్కనున్న కోరింగ మడ అడవుల్లో తిరిగేది ఆ జాతి పిల్లే. పిల్లి చేపను పచ్చిగా తింటుంది, దానికి పొయ్యి లేదు కనుక. పురుగు మాత్రం తిన్నది పిల్లా, మనిషా అని చూడదు. పచ్చి చేప లోపలికి వెళ్ళిందా లేదా అన్నదే దానికి కావాలి.

దీని జీవితం ఒక చక్రం. పురుగు పెట్టిన గుడ్లు మనిషి మలంతో బయటికి వస్తాయి. మరుగుదొడ్డి లేని చోట, వానకు కొట్టుకుపోయి చెరువులో కలుస్తాయి. చెరువులోని ఒక రకం చిన్న నత్త వాటిని మింగుతుంది. నత్త కడుపులో రూపాలు మార్చుకుని, తోక ఉన్న పిల్లపురుగులై నీళ్ళలోకి వస్తాయి. ఈదుకుంటూ వెళ్ళి పరిగెల వంటి చేపల చర్మంలోంచి దూరి, కండలో గూడు కట్టుకుని కూర్చుంటాయి. ఆ గూడు మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. కంటికి ఆనదు. ఆ చేపను పచ్చిగా తిన్నవాడి పేగులో గూడు విప్పుకుని, పైత్యనాళంలోకి ఎగబాకి, సుమారు నెల రోజుల్లో ఎదిగి మళ్ళీ గుడ్లు పెడుతుంది. పదేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా బతుకుతుంది.

పులుపు చేసే పని, పులుపు చెయ్యలేని పని

"మరి నిమ్మరసంలో అంతసేపు నానింది కదా, చావదా?" అని అడిగాడు మనవడు. అడగవలసిన ప్రశ్నే. మా ఆవిడకూ అదే అనుమానం.

నిమ్మరసం తగిలితే చేప కండలోని మాంసకృత్తులు గట్టిపడి తెల్లబడతాయి. పొయ్యి మీద పెట్టినా తెల్లబడతాయి. చూపుకు రెండూ ఒకటే. కాని పొయ్యి మీద వేడి ముక్క నడిమధ్య దాకా వెళ్ళి ప్రాణమున్న దాన్ని చంపుతుంది. నిమ్మరసం రంగు మారుస్తుందే గాని పురుగును చంపదు. ఇంకొక మాట చెప్పాను. "ఒరే, మన కడుపులో ఊరే ఆమ్లం నిమ్మరసం కంటే ఘాటైనది. ఆ ఆమ్లాన్ని దాటుకుని పేగులోకి చేరడానికే ఆ పురుగు గూడు కట్టుకుంది. దానికి నీ నిమ్మకాయ ఒక లెక్కా?"

కారమూ అంతే. మిరపకాయకు మన కళ్ళల్లో నీళ్ళు వస్తాయి, గూట్లో ఉన్న పురుగుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. తింటూ సారా తాగితే పురుగు చస్తుందనే నమ్మకం కూడా ఆ దేశంలో ఉంది. అదీ ఒట్టిదే. ఉప్పు మాత్రం ఎక్కువగా వేసి, నెలల తరబడి ఊరబెడితే పనిచేస్తుంది. నాలుగు రోజులు పులియబెట్టిన చేపలో పని చెయ్యకపోవచ్చు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. పులుపూ, కారమూ మన నాలుకకు పుట్టుకతో వచ్చిన రుచులు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని చెప్పుకునే జాతి మనది. చింతపండు పులుసులో చేప వేస్తాం కాబట్టి మనకు ఏ జబ్బూ రాదని గొప్పలు చెప్పుకునే పెద్దలను నేను ఎరుగుదును. ఆ గొప్ప చింతపండుది కాదు, పులుసు కింద మండే పొయ్యిది. చేపల పచ్చడి కూడా అంతే. ముందుగా ముక్కల్ని నూనెలో వేయిస్తాం కనుక నిర్భయంగా తింటున్నాం. మనల్ని ఇన్ని తరాలు కాపాడింది నిప్పు. పేరు మాత్రం పులుపు కొట్టేసింది.

కలకత్తాలో దొరికిన తమ్ముడు

ఈ పురుగుకు తమ్ముడి వరస ఒకటి ఉంది. చైనా, కొరియా దేశాల్లో ఎక్కువ. దాని పేరు క్లోనార్కిస్. అది లోకానికి మొదట తెలిసింది మన దేశంలోనే. 1874లో కలకత్తా మెడికల్ కాలేజీలో మెక్కానెల్ అనే వైద్యుడు ఒక చైనా వడ్రంగి శవాన్ని పరీక్ష చేస్తూ, పైత్యనాళాల నిండా ఈ పురుగులను చూశాడు. పొట్ట చేత పట్టుకుని సముద్రం దాటి వచ్చిన ఆ కుర్రవాడు తన ఊరి తిండితో పాటు తెలియకుండా దాన్నీ మోసుకొచ్చి ఉంటాడు. మనిషి ఏ దేశం వెళ్ళినా కడుపులో తిన్నది వెంట వస్తుందని ఆ పాఠం చెప్పినప్పుడల్లా అనేవాణ్ణి. వలస వచ్చిన కుటుంబంలో పుట్టినవాణ్ణి గనుక నాకది కేవలం సైన్సు పాఠంగా తోచేది కాదు.

ఒక పురుగు, రెండు పురుగులు ఉంటే మనిషికి ఏమీ తెలియదు. ఎక్కువైతే కడుపుబ్బరం, కుడివైపు డొక్కలో బరువు, ఆకలి మందగించడం. అందుకే ఎవరూ పట్టించుకోరు. అసలు ప్రమాదం ఇరవై, ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎదురవుతుంది. నాళం గోడలు ఏళ్ళ తరబడి ఒరిసి ఒరిసి వాచిపోతాయి. అక్కడ కేన్సర్ మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధనా సంస్థ 1994లో ఈ ఒపిస్థోర్కిస్ పురుగును మనిషికి కేన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో చేర్చింది. 2009లో క్లోనార్కిస్‌ను కూడా చేర్చింది. పైత్యనాళాల కేన్సర్ ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే చోటు ఈసానే. కళ్ళు పచ్చబడి ఆసుపత్రికి వచ్చేసరికి చాలామందికి ఆపరేషను చేసే దశ దాటిపోయి ఉంటుంది.

ఖోన్‌కేన్ విశ్వవిద్యాలయంలో నరోంగ్ ఖున్‌తికియో అనే శస్త్రవైద్యుడు పనిచేశారు. ఆయన తల్లీ తండ్రీ ఇద్దరూ ఈ కేన్సర్‌తోనే పోయారు. ఆ బాధతోనే ఆయన ఊరూరా తిరిగి జనానికి స్కానింగులు చేయించే పని పెట్టుకున్నారు. వాళ్ళ మీద జాలిపడి, వీళ్ళకు తెలివి లేదనుకుంటే మనది తప్పు. కూలి పని మధ్య పొలం గట్టు మీద, కట్టెలూ కుండా లేని చోట, అప్పుడే పట్టిన చేపతో నలుగురూ కలిసి తినే తిండి అది. అమ్మ చేసి పెట్టిన రుచి. దాన్ని మానమనడం అంటే మనల్ని ఆవకాయ మానమన్నట్టే.

మైక్రోస్కోపు కింద

ఇంతవరకూ విన్నాక మా మనవడు, "మందు ఉందిగా తాతయ్యా? ఒక మాత్ర వేసుకుంటే పోతుందని మావాళ్ళు అనేవారు" అన్నాడు. ఆ ధైర్యమే అక్కడ చాలామంది కొంప ముంచింది. ప్రాజిక్వాంటెల్ అనే మంచి మందు ఉన్న మాట నిజం. పురుగులను చంపుతుంది. కాని మాత్ర వేసుకున్న మర్నాడే మళ్ళీ పళ్ళెం ముందు కూర్చుంటే మళ్ళీ పురుగులు చేరతాయి. పురుగులు పోవడం, మళ్ళీ చేరడం, ఇలా పదే పదే జరిగితే నాళానికి మానే వ్యవధి ఉండదు.

మర్నాడు ఒక లాబొరేటరీలో మలపరీక్ష చేయించాం. ఏమీ లేదని రాసి ఇచ్చారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఈ గుడ్లు మిల్లీమీటరులో సుమారు ముప్ఫై అయిదో వంతు ఉంటాయి. తక్కువ సంఖ్యలో ఉంటే మామూలు పరీక్షకు అందవు. వెతికేవారికి దేన్ని వెతకాలో ముందే చెప్పాలి. మేము చెప్పలేదు. తప్పు మాదే.

నా దగ్గర చదువుకున్న ఒకతను ఊళ్ళో చిన్న లాబొరేటరీ నడుపుతున్నాడు. మూడు రోజుల నమూనాలు అతనికిచ్చి, మడ్డిని చిక్కబరిచే పద్ధతిలో చేయించాం. మూడోనాడు కబురు చేశాడు. "మాస్టారూ, మీరే వచ్చి ఒకసారి చూడండి" అన్నాడు. వెళ్ళి కన్ను ఆనించాను. మూత పెట్టిన చిన్న కూజాలాంటి గుడ్డు. ఒకటి కాదు, నాలుగు. ముప్ఫై రెండేళ్ళు సుద్దముక్కతో పిల్లలకు గీసి చూపించిన గుడ్డు. నా కూతురి కడుపున పుట్టినవాడి ఒంట్లోంచి వచ్చింది. కుర్చీలోంచి లేవడానికి కాసేపు పట్టింది.

ఇలాంటి గుడ్లు పెట్టే పురుగులు మరికొన్ని ఉన్నాయి. అందుచేత డాక్టరుగారు వాడు ఎక్కడ ఉన్నాడు, ఏమి తిన్నాడు అన్నీ అడిగి, కాలేయానికి స్కానింగు తీయించారు. నాళాలు బాగానే ఉన్నాయన్నారు. బరువు చూసి మందు రాశారు. నెల దాటాక మళ్ళీ పరీక్ష చేయిస్తే గుడ్లు లేవు. ఆ నెల రోజులూ మా ఆవిడ మొక్కని దేవుడు లేడు.

మన వంటింటి మాట

మన చెరువుల్లో ఆ ఈసాన్ పురుగు ఉందని నేను అనడం లేదు. కాని మన చేపలూ పురుగులు లేనివి కావు. కాలేజీలో వాలుగ చేప గాలితిత్తి కోసినప్పుడల్లా ఆకుపురుగులు బయటపడేవి. వాటిని చూసి కొందరు పిల్లలు నెల రోజులు చేప ముట్టేవారు కాదు. "ముట్టండర్రా, ఉడికించి తినండి" అనేవాణ్ణి. మన దేశంలోనే మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్ వైపు సరిగా ఉడకని పీతలు తినడం వల్ల ఊపిరితిత్తుల్లో పురుగు చేరుతుంది. దగ్గితే రక్తం పడుతుంది. అది క్షయ అనుకుని నెలల తరబడి క్షయ మందులు మింగినవాళ్ళు ఉన్నారు.

సముద్రపు చేపలకు భయం లేదనుకోవద్దు. 1960లో హాలెండులో, కొద్దిగా ఉప్పు పట్టించిన హెర్రింగ్ చేపలు తిన్నవారికి భరించరాని కడుపునొప్పి వస్తుంటే, కారణం అనిసాకిస్ అనే సముద్రపు పురుగు అని తేలింది. 1968 నుంచి అక్కడ హెర్రింగును ముందు గడ్డకట్టించి తీరాలని చట్టం చేశారు. జబ్బు తగ్గిపోయింది. జపానువారి పచ్చిచేప వంటకాలు ఇప్పుడు బెంగుళూరు, చెన్నై, ముంబయి హోటళ్ళలోకి వచ్చాయి. మన పిల్లలు సరదాపడి తింటున్నారు. తిట్టనక్కరలేదు. ఆ చేపను సున్నాకు 20 డిగ్రీల దిగువన వారం రోజులు గడ్డకట్టించారా అని అడగడం నేర్పితే చాలు. మన ఇంటి ఫ్రిజ్‌ల మీద ఆ నమ్మకం పెట్టుకోరాదు. అంత చలి వాటిలో చాలావాటికి రాదు.

వంటచేసే ఆడవారికి ప్రత్యేకంగా ఒక మాట. అమెరికాలో స్థిరపడిన యూదు కుటుంబాల్లో, మంచినీటి చేపను నూరి ఉండలు చేసే అలవాటుంది. మగవారికి, పిల్లలకు ఏమీ కాలేదు గాని, వండిన ఆడవారిలో కొందరికి మీటర్ల కొద్దీ పొడవుండే బద్దెపురుగు పట్టింది. కారణం ఏమిటంటే, ఉడికించక ముందే ఉప్పు సరిపోయిందో లేదో అని వేలితో రుచి చూడటం. మా ఆవిడ వేలు నోటిదాకా వెళ్ళిన ఘడియ నాకు గుర్తొచ్చింది. చేప వడల పిండి కలిపేటప్పుడు ముందు ఒక్క వడ వేయించి, ఉప్పు దానిలో చూడండి. చేప కోసిన కత్తీ, పీటా కడగకుండా కీరదోసకాయ, ఉల్లిపాయ తరగకండి. పెద్ద ముక్కలు పైకి వేగినట్టున్నా మధ్యలో పచ్చిగా ఉండిపోతాయి. ముల్లు దగ్గర కండ విడివడి పొరలు పొరలుగా రావాలి. ఎండుచేపలైనా సరే, వేయించో ఉడికించో తినండి. పిల్లలు ఆ దేశాల్లో చదువుకో ఉద్యోగానికో ఉండి వస్తే, డాక్టరుకు మొదటే చెప్పండి. ఇంతకు మించి భయపడి చేప మానెయ్యవద్దు. చేప మంచి ఆహారం.

సుఖమంటే ఉడికినది

ఖోన్‌కేన్ దగ్గర లావా అనే సరస్సు ఉంది. దాని చుట్టూ ఉన్న ఊళ్ళలో ఒకప్పుడు సగానికి మించి జనానికి ఈ పురుగు ఉండేది. మందులిచ్చి ఊరుకోకుండా బడిపిల్లలకు పాఠాలు చెప్పారు. ఇంటింటికీ తిరిగారు. సరస్సు చేపలనూ నత్తలనూ పరీక్షిస్తూ వచ్చారు. కొన్నేళ్ళలో అది 10 శాతం లోపుకు దిగింది. అలవాటు మారదనే వారికి అదే జవాబు.

మనవడు ఆ మధ్య ఫోనులో ఒక ముచ్చట చెప్పాడు. ఖోన్‌కేన్‌లోని తన స్నేహితులకు జరిగిందంతా రాశాడట. ఇద్దరు వెళ్ళి పరీక్ష చేయించుకున్నారట. "తాతయ్యా, థాయ్ భాషలో ఉడికినదాన్ని సుక్ అంటారు. సంతోషాన్ని కూడా సుక్ అనే పలుకుతారు. రాత వేరు, పలుకు ఒకటే" అన్నాడు. రెండోది మన సంస్కృతపు సుఖమే. అంత దూరం వెళ్ళి, అక్కడి ఉడికిన అన్నం పక్కన చేరింది.

మొన్న సంక్రాంతికి వాడు మళ్ళీ వచ్చాడు. అదే పరిగెలు, అదే నిమ్మకాయలు, అదే పుదీనా తెచ్చాడు. ఈసారి చేపను బాణలిలో బాగా ఉడకనిచ్చి, దించాక నిమ్మరసం పిండాడు. మా ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి నా వైపు చూసింది. నేను నా కంచం ముందుకు జరిపాను.